తెగిన నాడిలో మిగిలే కణాలు

చేతి నాడులు కుట్టడంలోనే జీవితం గడిపిన మా గురువుగారి పేరిట జరుగుతున్న సభ ఇది. అందుకే ఆయన పనికి దగ్గరి విషయం ఎంచుకున్నాను: నాడి తెగాక దాన్ని అంటిపెట్టుకున్న ష్వాన్ కణాలు ఎందుకు చస్తాయి, ఎలా బతుకుతాయి?

ఈ కణాలను థియోడర్ ష్వాన్ 1839లో వర్ణించాడు. కప్ప నాలుకకు వెళ్లే నాడిని కోస్తే కోతకు అవతలి భాగం శిథిలమవుతుందని అగస్టస్ వాలర్ 1850లో చూపాడు. ఆ తరవాత చాలాకాలం అందరి చూపూ నాడిలో సంకేతాలు మోసే తంతువు మీదే. చుట్టూ ఉన్న కణాల చావుబతుకుల గురించి అడిగినవారు తక్కువ.

కథ మలుపు తిరిగింది మరో చోట. ముస్సోలినీ జాతి చట్టాల వల్ల ఉద్యోగానికి దూరమైన శాస్త్రవేత్త రీటా లెవీ మొంతాల్చీని, టూరిన్‌లో తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుని కోడిపిండాల మీద పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీకి చేరింది. 1950లలో అక్కడే స్టాన్లీ కోహెన్‌తో కలిసి నాడీ వృద్ధి కారకాన్ని, అంటే ఎన్‌జీఎఫ్‌ను, వెలికితీసింది. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది. అదే ఏడు, అదే విశ్వవిద్యాలయంలో టానియుచి, క్లార్క్, జాన్సన్ ఎలుక తుంటి నాడిని కోసి చూశారు. తంతువు తోడు పోయిన ష్వాన్ కణాల మీద ఎన్‌జీఎఫ్‌ను పట్టుకునే గ్రాహకాలు విపరీతంగా పెరిగాయి. తిరిగి పెరిగే తంతువు కోసం కణాలు ఆ కారకాన్ని పట్టి ఉంచుతున్నాయని భావించారు. ముచ్చటైన ఊహే, కానీ కథలో సగమే.

ఆ గ్రాహకం పేరు పీ75. అది కణాన్ని ఆత్మహత్యకూ పురిగొల్పగలదని 1993లో తేలింది. పీ75 లేని చిట్టెలుక పిల్లల్లో నాడిని కోస్తే ష్వాన్ కణాలు తక్కువగా చచ్చాయని 2000లో వెల్లడైంది. మరుసటి ఏడు ఇంకో విశేషం బయటపడింది: ఎన్‌జీఎఫ్ పూర్తిగా తయారుకాని ముందురూపం పీ75ను మరింత గట్టిగా పట్టుకుని చావు సంకేతం పంపుతుంది. ఇందుకు సార్టిలిన్ అనే తోడు గ్రాహకం కావాలని 2004లో తెలిసింది. పెంచే పదార్థమే, పచ్చిగా ఉన్నప్పుడు చంపుతుందన్నమాట!

మరి పెద్దల నాడుల్లో ఈ కణాలు మూకుమ్మడిగా ఎందుకు చావవు? పసి ష్వాన్ కణాలు తంతువు పంపే న్యూరెగ్యులిన్ అనే సంకేత పదార్థం మీద ఆధారపడి బతుకుతాయి; అది ఆగితే పోతాయి. ఎదిగిన కణాలు ఐజీఎఫ్-2, ఎన్‌టీ-3, పీడీజీఎఫ్ వంటి వృద్ధి కారకాలను తామే స్రవించుకుని, తమ గ్రాహకాలతోనే అందుకుంటాయి. క్రిస్ట్యాన్ జెస్సెన్, రోనా మిర్‌స్కీల లండన్ బృందం చూపిన ఈ ఏర్పాటే నాకు ఈ చరిత్రలోకెల్లా గొప్ప ఘట్టం.

కణాలను బతికించడానికి పీ75ను అడ్డుకుంటే సరిపోతుందని తొందరపడేవారున్నారు. నేను ఒప్పుకోను. తంతువు తిరిగి వచ్చాక దానికి మైలిన్ అనే పొర తొడగడానికీ ఆ గ్రాహకమే కావాలి.

పైగా ఎదురుచూసే ఓపిక ఈ కణాలకూ అనంతం కాదు. తంతువు పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. నెలల తరబడి తంతువు లేక గడిపిన కణాల సంఖ్య తగ్గుతుంది, సాయపడే శక్తీ సన్నగిల్లుతుంది. ఈ సభలోని యువ వైద్యులకు నా మనవి ఒకటే: నాడి తెగిందని అనుమానం వస్తే రోగిని చూద్దాం, చేద్దామంటూ తిప్పకండి, ఆ వారమే శస్త్రవైద్యుడి దగ్గరికి పంపండి.