కుడి చెయ్యి, ఎడమ చెయ్యి

ఒక్కసారి మీ రెండు చేతులు పక్కపక్కన పెట్టి చూడండి. వేళ్లు అవే, పొడవు అంతే, వేలికీ వేలికీ మధ్య ఎడం అంతే. కానీ ఎడమ గ్లవ్ కుడి చేతికి ఎక్కదు. ఎందుకు?

ఈ ప్రశ్న మీద కాంట్ 1768లో ఒక చిన్న వ్యాసం రాశాడు. కోనిగ్స్‌బర్గ్ అనే ఊళ్లో పుట్టి, అక్కడే పాఠాలు చెప్పి, అక్కడే పోయాడు. ఆయన ఆలోచించింది మాత్రం స్పేస్ గురించి. రాకెట్లు వెళ్లే స్పేస్ కాదు. మీకూ ఎదురు గోడకీ మధ్య ఉన్న జాగా.

అప్పటికే దాని మీద పెద్ద గొడవ నడిచింది. స్పేస్ ఖాళీ గది లాంటిది, సామాన్లన్నీ తీసేసినా ఉంటుంది అన్నాడు న్యూటన్. జర్మనీలో లైబ్నిజ్ ఒప్పుకోలేదు. వస్తువుల మధ్య సంబంధాలే స్పేస్ అన్నాడు. చుట్టరికం లాగా అన్నమాట. మనుషులు లేకుండా చుట్టరికం విడిగా ఎక్కడుంటుంది? న్యూటన్ తరఫున క్లార్క్, ఇటు లైబ్నిజ్, 1715 నుంచి ఉత్తరాల్లో వాదించుకున్నారు. 1716లో లైబ్నిజ్ చనిపోయాడు, వాదన ఆగిపోయింది.

కాంట్ చెయ్యి చూపించాడు. సృష్టిలో ఒకే ఒక్క చెయ్యి ఉందనుకోండి. ఇంకేం లేదు. అయినా అది కుడో ఎడమో అయ్యే తీరాలి. లోపలి కొలతలన్నీ రెంటికీ ఒకటే కదా, మరి తేడా ఎక్కడి నుంచి వచ్చింది? కాబట్టి సంబంధాలు చాలవు, స్పేస్ విడిగా ఉందన్నాడు.

రెండేళ్లకే మాట మార్చాడు. నాకు ఆయనలో నచ్చేది ఇదే. 1781లో వచ్చిన పెద్ద పుస్తకంలో తేల్చేశాడు: స్పేస్ వస్తువుల్లో లేదు, మనం చూసే పద్ధతిలో ఉంది. మీ ఫోన్‌లో ఏ కొండని ఫోటో తీసినా చదునుగానే వస్తుంది. ఆ చదును కొండది కాదు, ఫోటోది. అలాగన్నమాట. నమ్మరా? మనసులో గది ఖాళీ చేయండి. గోడలు, భూమి కూడా తీసేయండి. ఖాళీ మిగిలింది. ఇప్పుడు ఆ ఖాళీని తీసేయండి చూద్దాం. కాదు మీ వల్ల.

అలాగని లోకం కల అనలేదాయన. కొలతలు మనందరికీ నిజమే. కానీ మన చూపు లేకుండా వస్తువు ఎలా ఉంటుందో మనకి ఎప్పటికీ తెలీదన్నాడు. ఆలోచిస్తే కొంచెం భయమేస్తుంది.

తర్వాత 1927లో హైడెగర్ వచ్చి అసలు టేపుతో మొదలుపెట్టడమే తప్పన్నాడు. ముక్కు మీద కళ్లజోడు కన్నా ఎదురు గోడ మీద బొమ్మే మనకి దగ్గర అన్నాడు. ఇప్పుడు మీ ఫోన్ అద్దం మీకు కనిపించట్లేదు. నేను కనిపిస్తున్నాను.