నెల తప్పి కడుపునొప్పి వస్తే ఆగకండి

సౌదీలో ఇళ్ళల్లో పనిచేసే అక్కలూ, ఊర్లో భార్య ఉన్న అన్నలూ, ఇద్దరూ వినండి.

పిండం పెరగాల్సింది గర్భసంచిలో. వంద గర్భాల్లో ఒకటో రెండో బయట నిలుస్తాయి. ఎక్కువగా అండం వచ్చే సన్నటి ట్యూబులో. ట్యూబు అంతగా సాగదు, పిండం పెరిగితే పగులుతుంది. రక్తం కడుపు లోపలే కారుతుంది. బయటికి కొంచెమే కనబడుతుంది, అందుకే మోసపోతాం.

గుర్తులు: నెల తప్పడం, పొత్తికడుపులో ఒకపక్క నొప్పి, కొద్దిగా రక్తం పోవడం. భుజం నొప్పి, కళ్ళు తిరగడం కూడా ఉంటే ప్రాణాపాయం.

ఇంట్లో టెస్టులో రెండు గీతలు వచ్చినా గర్భం ఎక్కడుందో తెలీదు. స్కానింగ్, రక్తంలో హెచ్‌సీజీ పరీక్ష చేయించాలి. తొందరగా తెలిస్తే కొందరికి మెథోట్రెక్సేట్ సూది సరిపోతుంది. పగిలితే ఆపరేషనే. ట్యూబులో ఉన్న బిడ్డను ఎవరూ బతికించలేరు, తల్లిని బతికించుకోవాలి. ఒక ట్యూబు తీసేసినా మళ్ళీ గర్భం రావచ్చు.

ఇక్కడ అంబులెన్స్‌కు 997, ఊర్లో 108. అరబీ రాకపోతే రెండే మాటలు చెప్పండి: "హామిల్" అంటే గర్భిణి, "నజీఫ్" అంటే రక్తం పోతోంది.

అన్నలూ, ఇంటినుంచి ఫోన్ వస్తే "గ్యాస్ నొప్పే, గోలీ వేసుకో" అనకండి. "నెల ఎప్పుడొచ్చింది?" అని అడగండి. తప్పిందంటే వెంటనే ఆస్పత్రికి పంపండి.