తరంగంబాడిలో ఒక పూట

విద్యార్థులారా! సెలవుల్లో తమిళనాడు తీరానికి వెళితే తరంగంబాడికి ఒక పూటంతా కేటాయించండి. ఒడ్డున కనిపించే డాన్స్‌బోర్గ్ కోట డేనిష్ వర్తకులది. 1620లో వారికి ఇక్కడ చోటిచ్చిన తంజావూరు రఘునాథ నాయకుడు తెలుగు కవి కూడా. ‘వాల్మీకి చరిత్ర’ ఆయనదే! 1845లో డేనులు ఈ ఊరిని ఆంగ్లేయులకు అమ్మేశారు.

చాలామంది కోట చూసి వెంటనే బస్సెక్కుతారు. మీరు మాత్రం ఆ పక్కనే, అలల అంచున ఉన్న మాసిలామణి నాథర్ ఆలయం దాకా నడవండి. 1306 నాటి పాండ్యుల కట్టడం. అందులో చాలా భాగాన్ని సముద్రం కోసుకుపోయింది. 2004 డిసెంబరు 26న సునామీ కూడా ఈ ఊరిపై విరుచుకుపడింది. ఆలయం ముందు తీరిగ్గా నిలబడి, ఇప్పుడు నీరున్న చోట ఒకప్పుడు నేల ఎంతవరకు ఉండేదో అంచనా వేయండి.