నేర్పు పేర జూదము



రమ్మీయాట నేర్పా, జూదమా యను వివాదము మన సికిందరాబాదు క్లబ్బునుండియే సుప్రీంకోర్టు కెక్కినది. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనవలెను, ఏది యుంచవలెనో యేది పారవేయవలెనో యెరుగవలెను గనుక నది ప్రధానముగా నేర్పుగల ఆటయే యని 1967లో తీర్పయినది. అయితే పందెపుటాటమీద ఆడించువాడు లాభము తీయుచో నేరము కావచ్చునని కూడ ఆ తీర్పులోనే యున్నది. ఆట ఫోనులోనికి వచ్చిన పిమ్మట కంపెనీలు మొదటి మాటను గొడుగుగా బట్టినవి. రెండవ మాటను చదివినట్లు తోచదు.

తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను ఇట్టి పందెములను నిషేధించినవి. ఐనను మన రెండు రాష్ట్రములందును సొమ్మొడ్డి యాడరాని డ్రీమ్ ఎలెవెన్ పేరు 2023లో భారత క్రికెట్ జట్టు రొమ్ముపై వెలసినది! ఆ యేడే కేంద్రప్రభుత్వము ఒడ్డిన సొమ్ముపై నూటికి 28 వంతున పన్ను గట్టినది. పన్ను పుచ్చుకొనిన చేయియే 2025 ఆగస్టులో నిషేధశాసనమును వ్రాసినది. ఆలస్యమైనను మేలే. ఆడించువానికి మూడేండ్లవరకు చెర. ఆడినవానికి శిక్ష లేదు. ఇది న్యాయము.

కాని శాసనము పాతబాకీని తీర్చదు. పుస్తెలు తాకట్టుపడిన సంగతి ఇల్లాలికి కడపట దెలియును. సిగ్గుచే నోరు విప్పలేని యువకుడు ఈ పఠనమందిరముననే మీ ప్రక్క గూర్చుండి యుండవచ్చును. వానిని మందలింపకుడు, బాకీ యెంత యని యడుగుడు.