ఎవ్వరును పాడని స్వరము



సన్నాయి మ్రోగనిదే మనయింట పెండ్లి పూర్తికాదు. తెలుగునాట ఆ మంగళవాద్యమును తరతరములుగా కాపాడుకొనివచ్చినవారిలో నాయీబ్రాహ్మణులు ముఖ్యులు. క్షౌరవృత్తికిని సంగీతమునకును గల ఈ చుట్టరికము అమెరికాయందును కలదు. అచ్చట 19వ శతాబ్దపు చివర, ఆఫ్రికా సంతతి యువకులు క్షౌరశాలలలో కూడి, నాలుగు గళములతో పాడుకొనెడివారు. ఆ బాణీకి ‘బార్బర్‌షాప్’ గానమను పేరు నిలిచినది. 1938లో టల్సా నగరమున ఓవెన్ క్యాష్, రూపర్ట్ హాల్ అనువారు దానిని నిలుపుటకొక సంఘమును స్థాపించిరి. పిమ్మట పోటీలును పెరిగినవి.

ఇందు వాద్యము లేదు. ఒకరు అసలు వరుసను పాడుదురు. ఒకరు దానికి పైని, ఒకరు అడుగున నిలుతురు. నాలుగవ గళము నడుమ మిగిలిన ఖాళీని పూరించును. దాని పాలికి పాట యనదగినది దక్కదు.

మా సికింద్రాబాదు 1806లో ఆంగ్ల సైనిక శిబిరముగా, సికందర్ జా పేర వెలసిన యూరు. 1813 నాటి సెయింట్ జాన్స్ మొదలుగా ఇచ్చట చర్చీలు లేచినవి. వానితో నాలుగు గళముల పాటయు వచ్చినది. నేను పాడు చిన్న బృందము ఆ అలవాటున పుట్టినదే. ఈ అమెరికా బాణీ పాట యొకటి ఆరు నెలలు సాధన చేసి, పొరుగు పట్టణపు పోటీకి ఒకనాడు తెల్లవారుజామున రైలెక్కితిమి. గొంతు చెడునని ఎవరును బిగ్గరగా మాటాడలేదు. కలకండయు మిరియములును చేతులు మారినవి. నాలుగవ గళము పాడు గుమాస్తాగారు మాత్రము ముభావముగా కిటికీచెంత కూర్చుండిరి. పదునొకండేండ్లుగా ఆ గళమునకు ఆయన యొక్కరే. ఇంట సాధన చేయునప్పుడు “నాన్నా, ఇది యే పాట?” యని పిల్లలడిగిన చెప్పలేకున్నాననియు, ఈ పోటీయే తనకు కడపటిదనియు ఆయన మాతో ముందే చెప్పియుండిరి.

వేదిక వెనుక గదిలో సాధన చేయునప్పుడు ఆయన గొంతు దాచుకొనదలచి ఊరకుండిరి. తక్కిన మూడు గళములును శ్రుతి తప్పలేదు. అయినను పాట చప్పబడినది. మా గురువుగారు చేయియెత్తి ఆయనను కలియుమనిరి. ఆ గొంతు చేరినంతనే, మా గొంతులన్నిటికిని పైన, మాలో నెవ్వరును పాడని సన్నని స్వరమొకటి మ్రోగినది.

ఇది ఇంద్రజాలము కాదు. చక్కగా శ్రుతిచేసిన తంబురాయందు మీటని గాంధారము వినబడుట మన విద్వాంసులెరిగినదే. దానిని స్వయంభూ గాంధారమందురు. మంద్రషడ్జపు తంత్రి కంపించునప్పుడు, దానికి ఐదు రెట్ల వేగముగల సూక్ష్మకంపనము అందే అడగియుండును. ఈ బాణీలోను నాలుగు గళముల కంపనములు 4, 5, 6, 7 అను నిష్పత్తిలో నిలిచినప్పుడు, వాని సూక్ష్మకంపనములు ఒకదాని నొకటి బలపరచి, పైన వేరు స్వరమై తోచును. మన సంగీతమున స్వరము గమకముతో కదలును. ఇచ్చట కదలక నిలువవలెను. ఒక్క గళము జారినను ఆ మ్రోత సన్నగిలును.

పోటీలో మాకు బహుమతి రాలేదు. నడుమ శ్రుతి కొంచెము దిగినదని న్యాయనిర్ణేతలు వ్రాసిరి, అది నిజమే. కాని చివరి స్వరమునొద్ద వెనుక వరుసలవారు తలలెత్తి పైకప్పు వంక చూచిరి. తిరుగు రైలులో ఆ గుమాస్తాగారిని “మానుదురా?” యని ఎవరమును అడుగలేదు. మరుసటి ఆదివారము సాధనకు ఆయనయే మొదట వచ్చిరి.

పోటీలు బహుమతులకొరకే యనువారితో నాకు తగవు లేదు. అయినను, తన పాట వేరుగా వినబడనివాని వలన పదిమంది పాట ఎంత నిలుచునో తెలియుటకైనను, ఒకమారు ఇట్టి సభకు పోయి వెనుక వరుసలో కూర్చుండుడు.