మోటారుబండి – నిప్పురవ్వ వేళ

పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కార్ఖానాలో అంబాసిడర్ కారు తయారీ 2014లో నిలిచిపోయింది. అయినా మన ప్రాంతంలో కొన్ని ఇండ్ల ముందు, వేపచెట్టు నీడన, ఆ బండి ఇంకను కనిపిస్తూనే ఉన్నది. మా ఇంట కూడా ఒకటి ఉన్నది. పెట్రోలుది, 1961 నాటిది. అటువంటి బండిని పోషిస్తున్న శ్రోతలకు డిస్ట్రిబ్యూటరును గురించి నాలుగు మాటలు చెప్పవలెనని ఈ ప్రసంగం. ఆ నాలుగు మాటలు నేర్చుకొనుటకు మేము చెల్లించిన మూల్యం మా కుడిచేతి మణికట్టు.

సిలిండరులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం తుపాకిమందు మాదిరి ఒక్కసారిగా ప్రేలిపోతుందని చాలామంది అనుకొంటారు. అది సరి కాదు. గడ్డివామి అంటుకొన్నట్లు, మంట ప్లగ్గు దగ్గర పుట్టి ఆవలి కొసకు ప్రాకుతుంది. అందుకు కొంత వ్యవధి కావలెను. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు, సెకనులో వెయ్యవ వంతు గడిచేసరికి క్రాంకుషాఫ్టు 18 డిగ్రీలు తిరిగిపోతుంది. కనుక పిస్టను పైకొస చేరకముందే రవ్వ పడవలెను. ఆలస్యమైతే బలం పొగగొట్టం పాలవుతుంది, ఇంజను కాగుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. మరీ ముందుగా పడితే, పైకి వస్తున్న పిస్టనుకు మంట ఎదురు నిలుస్తుంది.

ఈ వేళను నిర్ణయించేవి డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు. అవి విడిన క్షణమే కాయిలులో అధిక వోల్టేజి పుట్టి రవ్వ పడుతుంది. వేగాన్ని బట్టి, భారాన్ని బట్టి వేళను జరిపే ఏర్పాట్లు దానిలోనే ఉన్నవి. వాటికి మొదటి స్థానం చూపడమే మన పని.

2022 కార్తికమాసంలో మేము పాయింట్లు క్రొత్తవి వేసి, వాటి నడుమ ఎడాన్ని కంటి అంచనాతో సరిపెట్టాము. ఎడం పెరిగితే పాయింట్లు ముందుగా విడుతవి, అనగా రవ్వ వేళ కూడా ముందుకు జరుగుతుంది. ఆ సంగతి అప్పుడు మాకు తట్టలేదు. సింహాచలం కొండ ఎక్కుతుండగా ఇంజనులో గాజులు గలగలమన్నట్లు ధ్వని వినవచ్చింది. వాల్వుల చప్పుడు కాబోలుననుకొని పోనిచ్చాము. మరునాటి ఉదయం బ్యాటరీ బలహీనంగా ఉండి, హ్యాండిలు వేయవలసి వచ్చింది. చేతి త్రిప్పుడు ఎంతో నిదానం. పిస్టను ఇంకా పైకి వస్తుండగానే మంట దానిని వెనుకకు తన్నింది. హ్యాండిలు మా చేతిని తన్నింది. మూడు వారాలు స్టూడియోలో ఎడమచేతితో కాగితాలు త్రిప్పుకొన్నాము.

కనుక మొదటి పని పాయింట్ల ఎడం. క్యాము మిట్ట మీద అవి పూర్తిగా విడినప్పుడు, అంగుళంలో వెయ్యింట 15 వంతుల ఫీలర్ గేజి రేకు స్వల్పంగా తాకుతూ జారవలెను. టైమింగు ముందు సరిచేసి ఎడం తరువాత మార్చితే, చేసిన పని వ్యర్థం. ఈ తప్పు మెకానిక్కుల వద్ద కూడా చూచాము.

పిమ్మట గేరు తప్పించి, హ్యాండుబ్రేకు వేసి, ప్లగ్గులు నాలుగూ తీయవలెను. రేడియేటరు ప్రక్కనున్న మొదటి సిలిండరు రంధ్రం మీద వ్రేలు ఉంచి ఇంజనును త్రిప్పితే, గాలి వ్రేలిని నెట్టే ఘట్టం తెలుస్తుంది. క్రాంకు పుల్లీ మీది గంటు, టైమింగు మూతకున్న సూచికలలో హ్యాండుబుక్కు చెప్పినదాని ఎదుటికి రావలెను. దాటిపోతే వెనుకకు త్రిప్పి ఊరుకోరాదు. బాగా వెనుకకు పోయి, మరల ముందుకు తేవలెను. లేకుంటే పళ్ళ నడుమనున్న వదులు మనలను మోసగిస్తుంది.

ఇక 12 వోల్టుల చిన్న బల్బు ఒకటి చాలును. దాని ఒక తీగను డిస్ట్రిబ్యూటరు ప్రక్కనున్న సన్న తీగ బిగింపుకు, రెండవదానిని బండి ఇనుముకు తగిలించవలెను. కాయిలునుండి వచ్చే లావు తీగ కొసను కూడా ఇనుముకు గట్టిగా ఆనించి, తాళం త్రిప్పవలెను. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు బల్బు వెలగదు, విడినంతనే వెలుగుతుంది. బిగింపు బోల్టును కొద్దిగా సడలించి, డిస్ట్రిబ్యూటరును మెల్లగా త్రిప్పుచూ, బల్బు వెలిగిన చోటనే ఆపి బిగించవలెను. రోటరు తిరిగే దిక్కుకు త్రిప్పితే వేళ వెనుకబడుతుంది, ఎదురుదిక్కుకు త్రిప్పితే ముందుకు జరుగుతుంది. డిస్ట్రిబ్యూటరు ఇరుసు క్రాంకుషాఫ్టు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది గనుక, ఇక్కడ ఒక డిగ్రీ అక్కడ రెండు డిగ్రీలు. చేతికి తొందర పనికిరాదు.

హ్యాండుబుక్కులోని అంకె ఆనాటి పెట్రోలుకు చెప్పినది. నేటి పెట్రోలు వేరు. ఇంజను కూడా అరిగి ఉంటుంది. అందుచేత చివరి తీర్పు రోడ్డుదే. టాపు గేరులో నిదానంగా పోతూ ఒక్కసారిగా ఆక్సిలరేటరు త్రొక్కినప్పుడు గలగల వినిపిస్తే, వేళను కొద్దిగా వెనుకకు జరపవలెను. రవ్వ రవంత ముందుండుటకన్న రవంత వెనుకనుండుటయే మేలని మా అభిప్రాయం. కొంచెం మందగమనమైనా పిస్టన్లు దక్కుతవి.

తరువాత మేము సింహాచలం కొండకు రెండుమారులు పోయి వచ్చాము. ఆ గలగల మరల వినబడలేదు. అయినా హ్యాండిలు వేసేటప్పుడు ఇప్పుడు బొటనవ్రేలిని దానికి చుట్టడం లేదు. మిగిలిన వ్రేళ్ళ ప్రక్కనే ఉంచి, క్రిందినుండి పైకి లాగుతున్నాము.