వీధి కబుర్లే వీధికి కావలి

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో మొహల్లా భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. భద్రత అనగానే మనకు పోలీసు జీపు, కెమెరా, ఇనుప గేటు, పెద్ద తాళం గుర్తుకొస్తాయి. అవి అక్కర్లేదని నేను అనను. అయితే అవేవీ రాక ముందు నుంచే మన వీధులకు ఒక కావలి వుంది. దానికి జీతం లేదు, యూనిఫారం లేదు. అదే మన కబుర్లు. నల్లా దగ్గర ఆడవాళ్లు చెప్పుకునే మాటలు, టీ హోటలు బెంచీ మీద మగవాళ్ల మాటలు, నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద ఐదు నిమిషాలు అడిగే ఖైరియత్. ఈ కబుర్లు బాగుంటే వీధి బాగుంటుంది. ఈ కబుర్లు చెడితే వీధికి ప్రమాదం కూడా అక్కడి నుంచే వస్తుంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇంతే.

మన మొహల్లాలో పనీపాటా ఎలా సాగుతుందో ఒక్కసారి చూడండి. ఫజర్ అజాన్‌కు ముందే పండ్ల బండి తోసే భాయి మార్కెట్టుకు బయలుదేరతాడు. పాల ప్యాకెట్ల పిల్లవాడు సైకిలు మీద వస్తాడు. తొమ్మిది గంటలకు వెల్డింగు షాపు, పంక్చరు షాపు, దర్జీ కొట్టు తెరుస్తారు. మధ్యాహ్నం ఇళ్లలో కుట్టు మిషన్ల చప్పుడు. రాత్రి బస్టాండు గిరాకీ ముగించుకొని ఆటో తోలే భాయి ఒంటిగంటకో, రెండింటికో ఇల్లు చేరుకుంటాడు. అంటే ఇరవై నాలుగు గంటల్లో మన వీధిలో ఎవరో ఒకరు మేలుకొనే వున్నారు. అర్ధరాత్రి ఎవరింట్లో దీపం వెలుగుతోందో ఆటో భాయికి తెలుసు. ఏ ఇంటి తలుపు తెల్లవారినా తెరుచుకోలేదో పాల పిల్లవాడికి తెలుసు. ఇంతకంటే మంచి కెమెరా ఏముంది? అయితే చూసినది ఇంకొకరికి చెప్పాలి. చెప్పకపోతే ఆ చూపు వృథా.

మా వీధిలో జరిగిన ఒక చిన్న సంగతి చెబుతాను. ఒంటరిగా వుండే ఒక ముసలి ఖాలా రోజూ పొద్దున పది గంటలకు కిరాణా కొట్టుకు వెళ్లి టీ పొడి, చక్కెర తెచ్చుకునేది. ఐదు రూపాయల సరుకు, పది నిమిషాల మాటలు. ఒకరోజు పదకొండయినా ఆమె రాలేదు. కొట్టు శెట్టిగారు తన దగ్గర పని చేసే పిల్లవాడిని పిలిచి, "ఒరేయ్, అమ్మగారు ఈ పూట రాలేదు, పోయి చూసిరా" అన్నాడు. ఆమె స్నానాల గదిలో జారిపడి, లేవలేక, పిలవడానికి గొంతు రాక పడి వుంది. 108కి ఫోను చేశారు, బండి వచ్చింది, తుంటి ఎముకకు ఆపరేషను అయింది. ఇవాళ ఆమె చేతికర్ర పట్టుకొని మళ్లీ అదే కొట్టుకు వెళుతున్నది. శెట్టిగారికి ఆమె పూర్తి పేరు కూడా తెలియదు. వచ్చే వేళ తెలుసు. ఆ వేళ తెలిసి వుండడమే ఆమె ప్రాణం కాపాడింది.

పొరుగువాడి హక్కు ఎంత పెద్దదో దైవప్రవక్త (స) చెప్పిన హదీసు మనందరం జుమా ఖుత్బాలలో విన్నదే. జిబ్రీల్ (అ.స.) పొరుగువారి గురించి ఎంతగా నొక్కి చెప్పారంటే, పొరుగువారిని ఆస్తికి కూడా వారసులను చేస్తారేమోనని ప్రవక్త (స) అనుకున్నారట. పొరుగువాడు అన్నప్పుడు వాడు మన మతంవాడా, కాదా అన్న షరతు అక్కడ లేదు. శెట్టిగారు మన ఖాలాకు పొరుగువాడు, మనం శెట్టిగారికి పొరుగువాళ్లం.

మన కర్నూలు వాళ్లకు ఈ పాఠం ఇంకెవరూ నేర్పనక్కర్లేదు. 2009 అక్టోబరు 2, శుక్రవారం. రంజాన్ పండుగ అయి పది పన్నెండు రోజులే అయింది. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి పాతబస్తీలోకి నీళ్లు వచ్చాయి. చూస్తూ వుండగానే నడుముల లోతు, తర్వాత మనిషి మునిగే లోతు. కరెంటు పోయింది, ఫోన్లు పలకలేదు. పడవలు, మిలిటరీ, హెలికాప్టర్లు తర్వాత వచ్చాయి. మొదట వచ్చింది పక్కింటివాళ్లే. ఎవరి మిద్దె ఎత్తుగా వుంటే వాళ్ల మిద్దె మీదికి వీధి అంతా ఎక్కింది. ఎవరింట్లో బాలింత వుంది, ఎవరింట్లో మంచాన పడిన ముసలాయన వున్నాడు అన్నది ఏ ఆఫీసు రిజిస్టరులోనూ రాసి లేదు, వీధివాళ్ల నోట్లో వుంది. ఆ నోటి లెక్క ప్రకారమే మనుషులను మోసుకొని పైకి చేర్చారు. ఆనాటికి పుట్టని పిల్లలు ఇవాళ మన బడుల్లో చదువుతున్నారు. వాళ్లకు ఈ సంగతి చెప్పండి. వరద ఎంత ఎత్తు వచ్చిందో గోడ మీద గీత చూపిస్తే చాలదు, ఎవరు ఎవరిని మిద్దె ఎక్కించారో కూడా చెప్పండి.

ఇక మన రోజువారీ కబుర్లలో ఏయే సంగతులు తప్పకుండా వుండాలో విన్నవించుకుంటాను.

మొదటిది వంటింటి సంగతి. దీనికి కూడా మనకు హదీసు వుంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయినప్పుడు, పడుకోబోయే ముందు నిప్పు ఆర్పివేయమని ప్రవక్త (స) ఆదేశించారు. ఆనాటి నిప్పు నూనె దీపం. ఈనాటి నిప్పు గ్యాసు సిలిండరు. కాబట్టి రాత్రి పడుకునే ముందు పొయ్యి ఆపడమే కాదు, రెగ్యులేటరు కూడా కట్టివేయాలి. గ్యాసు గాలి కంటే బరువైనది, అందుచేత పైకి పోదు, నేల మీదనే పరుచుకుంటుంది. వాసన వస్తే లైటు స్విచ్చి వెయ్యకూడదు, వేసి వున్నది ఆపనూకూడదు. రెంటిలోనూ నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటరు కట్టి, తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, అందరూ బయటికి వచ్చి, అక్కడి నుంచి 1906కి ఫోను చెయ్యాలి. ఇది దేశమంతటికీ గ్యాసు లీకుల కోసం పెట్టిన నంబరు. పొయ్యికి వున్న రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకొకసారి మార్చాలి. "ఇంకా గట్టిగానే వుంది లే" అనుకోవద్దు.

రెండవది కరెంటు. మన వీధుల్లో రేకుల ఇళ్లు ఎక్కువ, స్థలం తక్కువ. బట్టలారేసే దండెం ఇనుప తీగతో కట్టి, ఒక కొస కరెంటు స్తంభానికి, ఇంకొక కొస కిటికీ చువ్వకు బిగిస్తాం. వానాకాలంలో ఆ తడి తీగే ప్రాణం తీస్తుంది. నైలాను తాడు కట్టుకుంటే పోయేదేముంది? ఎవరికైనా షాకు కొడితే మనిషిని చేత్తో పట్టుకొని లాగవద్దు. ముందు మెయిను ఆపాలి. ఆపడానికి వీలులేకపోతే ఎండిన కర్రతో తీగను తప్పించాలి. తెగిన తీగ నేల మీద కనబడితే పిల్లలను దూరంగా నిలిపి 1912కి చెప్పాలి.

మూడవది ఫోను దొంగలు. వీళ్లు గోడ దూకి రారు, చెవిలోంచి వస్తారు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ ఖాతా ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అంటారు. లేకపోతే, "పోలీసులం, మీ పేర పార్సిలు దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, ఫోను ముందు నుంచి కదలవద్దు" అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చేయడు. ఇక్కడ మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు వుంది. ఈ దొంగలు చాలామంది హిందీలో మాట్లాడతారు. తెలుగు ఒక్కటే వచ్చిన పెద్దమ్మ "నాకు తెలీదు పో" అని ఫోను పెట్టేస్తుంది. మన పెద్దవాళ్లకు ఉర్దూ వచ్చు, వాడి మాట చక్కగా అర్థమవుతుంది, మర్యాదకు "జీ, జీ" అంటూ వింటారు, చిక్కుకుంటారు! దొంగ చెప్పే మొదటి షరతు ఏమిటి? "ఈ సంగతి ఎవరితోనూ అనవద్దు" అని. వాడికి తెలుసు, మన కబుర్లే వాడికి శత్రువులని. కాబట్టి అలాంటి ఫోను రాగానే ముందు చేయవలసిన పని పక్కింటి తలుపు తట్టడం. డబ్బు పోయిందా, సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యాలి. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది.

నాలుగవది రోడ్డు. పదో తరగతి పిల్లవాడికి మోటారు సైకిలిచ్చి, "మావాడు బాగా తోలుతాడు" అని గర్వపడే తండ్రులు మనలో వున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మైనరు బండి నడిపి పట్టుబడితే తండ్రికో, బండి యజమానికో ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషను రద్దు. అదే సవరణలో ఒక మంచి మాట కూడా వుంది. ప్రమాదంలో పడిన మనిషిని సదుద్దేశంతో ఆసుపత్రికి చేర్చినవాడి మీద కేసు పెట్టడానికి వీల్లేదు, తన పేరు చెప్పమని వాడిని బలవంతపెట్టడానికీ వీల్లేదు. "మనకెందుకు ఈ పోలీసు గొడవ" అని రక్తంలో వున్న మనిషిని దాటిపోవడానికి ఇక సాకు లేదు. దారిలో ముల్లు తీసివేయడమే సదఖా అయినప్పుడు, దారిలో పడ్డ మనిషిని లేపడం ఎంత పుణ్యమో మీరే ఆలోచించండి.

ఇంతవరకు కబుర్ల మేలు చెప్పాను. ఇప్పుడు వాటి విషం కూడా చెప్పాలి. 2018 మే నెల గుర్తుందా? పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని ఫోన్లలో వీడియోలు, ఫోటోలు తిరిగాయి. మన తెలుగు జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు రాత్రిళ్లు కర్రలు పట్టుకొని కూర్చున్నాయి. బిచ్చమెత్తుకునేవాళ్లను, మతి స్థిమితం లేనివాళ్లను, దారి తప్పిన బాటసారులను పట్టి కొట్టారు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. అది రంజాను మాసం! ఆ గుంపులో వున్నవాళ్లు కూడా తమ వీధిని కాపాడుకుంటున్నామనే అనుకున్నారు. భద్రత పేరుతోనే ఒక అమాయకపు ప్రాణం పోయింది.

వార్త వస్తే ముందు విచారించుకోండి, తెలియక ఎవరికైనా కీడు చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి రావచ్చు అని సూరా హుజురాత్‌లో అల్లాహ్ మనల్ని హెచ్చరించాడు. నల్లా దగ్గరి కబురుకూ, ఫోనులో వచ్చే కబురుకూ తేడా ఇదే. నల్లా దగ్గర చెప్పిన మనిషి ముఖం మనకు తెలుసు, రేపు నిలదీసి అడగవచ్చు. ఫోనులో వచ్చినదానికి ముఖం లేదు. ముఖం లేని కబురును ముందుకు పంపవద్దు. అనుమానం వస్తే 112కి చెప్పండి. మన చేతులు మాత్రం ఎవరి మీదా లేవకూడదు.

చివరగా, ఒక ఉపాధ్యాయుడిగా నాకు కనబడిన సంగతి. మా ఐదో తరగతి పిల్లలను ఒకరోజు, "ఇంట్లో ఎవరైనా పడిపోతే ఫోను చేసి ఏం చెబుతావు?" అని అడిగాను. నంబరు కొందరికి తెలుసు. ఇంటి గుర్తు తెలుగులో చెప్పమంటే సగం మంది ఆగిపోయారు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఉర్దూ. అవతల ఫోను ఎత్తేవాళ్లు ముందు పలకరించేది తెలుగులో. అప్పటి నుంచి ప్రతి శనివారం ఒక ఆట ఆడిస్తున్నాను. ఒకడు ఫోను ఎత్తేవాడు, ఒకడు చేసేవాడు. "మా ఇల్లు ఫలానా మసీదు వెనక, నల్లా ఎదురుగా, నీలం తలుపు" అని తెలుగులో గబగబా చెప్పాలి. మాతృభాష మనకు ప్రాణం. పొరుగు భాష ఆ ప్రాణాన్ని కాపాడే తాడు. రెండూ పిల్లలకు ఇద్దాం.

మన సంఘానికి నా మనవి మూడు మాటలు. ఒకటి, ప్రతి గల్లీకి ఇద్దరిని, ఒక మగమనిషిని, ఒక ఆడమనిషిని, ఒంటరి వృద్ధులను, రోగులను రోజుకొకసారి పలకరించే బాధ్యతకు నియమించండి. ఇది పదవి కాదు, ఖిద్మత్. రెండు, నేను చెప్పిన నంబర్లను తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించి ప్రతి వీధి మొగలో, ప్రతి ఇంటి వంటింట్లో అంటించండి. మూడు, నెలకొక ఆదివారం అసర్ నమాజు తర్వాత గల్లీలోవాళ్లంతా, ఏ మతంవాళ్లయినా సరే, అరగంట కూర్చొని టీ తాగండి. ఎజెండా అక్కర్లేదు. కబుర్లు చాలు.

ఇప్పుడు మన తలుపులు ఇనుపవి అయ్యాయి, గోడలు ఎత్తయ్యాయి. పక్కింట్లో ఎవరున్నారో తెలియని గోడ ఎంత ఎత్తున్నా అది మనల్ని కాపాడలేదు. ఈ సభ నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు, మీ ఇంటికి ఇటు పక్క ఒక తలుపు, అటు పక్క ఒక తలుపు తట్టి, "ఏం భాయ్, ఖైరియతేనా?" "ఏమమ్మా, బాగున్నారా?" అని అడిగి మరీ ఇంట్లో అడుగు పెట్టండి.

అల్లాహ్ మన మొహల్లానూ, మన ఊరినీ, మన పొరుగువారందరినీ తన రక్షణలో వుంచుగాక.